చిట్టా నుండి కంప్యూటరు దాకా: వ్యాపార సంస్థలలో సమాచార వ్యవస్థలు

వాణిజ్యశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ‘సమాచార వ్యవస్థ’ అనే మాట ఏదో ఒక ప్రశ్నపత్రంలో ఎదురుపడుతుంది. నాలుగైదు పేర్లు, ఒక్కొక్కదానికి మూడేసి లక్షణాలు కంఠస్థం చేసి పరీక్ష గట్టెక్కేవారే ఎక్కువ. కాని ఆ పేర్ల వెనుక ఉన్న విషయం మన గోదావరి డెల్టాలోని ప్రతి బియ్యపు మిల్లులోను, ప్రతి బ్యాంకు శాఖలోను, ప్రతి రొయ్యల చెరువు గట్టు మీదను నిత్యం నడుస్తున్నదే. దానిని ఆ చోట్లనే చూసి గ్రహించడం ఈ వ్యాసం ఉద్దేశం. ముందుగా ఒక్క మాట మనవి చేస్తాను. సమాచార వ్యవస్థలు ఎన్ని రకాలున్నా, అవన్నీ అట్టడుగున ఎవరో ఒక మనిషి వ్రాసిన పద్దు మీద నిలబడి ఉన్నవి. ఆ పద్దు తప్పయితే పైనున్నదంతా తప్పే. ఆ పద్దే లేకపోతే, ఆ మనిషి లెక్కలో లేనట్లే.

1. దత్తాంశం, సమాచారం, వ్యవస్థ

మండపేటలోనో, తాడేపల్లిగూడెంలోనో ఒక బియ్యపు మిల్లును ఊహించుకొందాం. ధాన్యం లారీ వచ్చి కాటా ఎక్కింది. కాటా చీటీ మీద లారీ నంబరు, సరుకుతో కూడిన బరువు, ఖాళీ లారీ బరువు, తేదీ పడ్డాయి. ధాన్యంలో తేమ ఎంత ఉన్నదో చిన్న యంత్రంతో చూసి ఆ అంకె కూడ వ్రాశారు. ఈ అంకెలు విడివిడిగా ఉన్నంతవరకు వాటిని దత్తాంశం అంటాం. అవి నిజమే చెబుతున్నవి, కాని ఎవరికీ ఏ పనీ పురమాయించడం లేదు.

వారం రోజుల చీటీలను ఒకచోట చేర్చి, “ఈ వారం వచ్చిన ధాన్యంలో మూడవ వంతులో తేమ పదిహేడు శాతం దాటి ఉన్నది” అని ఒక వాక్యం వ్రాస్తే అది సమాచారం. ప్రభుత్వ సేకరణ ప్రమాణాలలో తేమ గరిష్ఠ పరిమితి 17 శాతం. కావున ఈ వాక్యం చదివిన మేనేజరు ధాన్యం ఆరబెట్టే ఏర్పాటు చేయాలి, లేదా రైతులకు ముందుగా కబురు పెట్టాలి. నిర్ణయానికి పనికివచ్చే రూపంలో అమర్చిన దత్తాంశమే సమాచారం.

చీటీ వ్రాసిన మనిషి, దానిని చేర్చిన గుమాస్తా, చేర్చే పద్ధతి, పుస్తకమో యంత్రమో ఒక సాధనం, చివరకు చదివి నిర్ణయించే మేనేజరు — వీరందరినీ ఒక త్రాటి మీద నిలిపే ఏర్పాటును సమాచార వ్యవస్థ అంటారు. ఈ నిర్వచనంలో కంప్యూటరు అన్న మాట లేదని గమనించగలరు. కంప్యూటరు సాధనాలలో ఒకటి మాత్రమే.

2. కంప్యూటరుకు పూర్వం

మన వర్తకులకు సమాచార వ్యవస్థ కొత్తది కాదు. రోజువారీ పద్దులు వరుసగా వ్రాసే పుస్తకం చిట్టా. ఆ పద్దులను ఆసామీవారీగా, ఖాతావారీగా విడదీసి ఎక్కించేది ఆవర్జా. ఖాతాల నిల్వలన్నీ తీసి ఇరువైపులా సరిపోయినదో లేదో చూసేది అంకణా. ఆ పిమ్మట లాభనష్టాల లెక్క, ఆస్తి అప్పుల పట్టీ. జంటపద్దు విధానాన్ని లూకా పాచియోలీ అనే ఇటలీ గణితజ్ఞుడు 1494లో వెనిస్ నగరంలో అచ్చయిన తన గ్రంథంలో వివరించాడు. ఆ విధానం ఆయన కల్పన కాదు. అక్కడి వర్తకులు అప్పటికే వాడుతున్నదానిని ఆయన గ్రంథస్థం చేశాడు. ఇందులో దత్తాంశం క్రింద ఒకచోట పుడుతుంది, మెట్టు మెట్టుగా కుదించుకొంటూ పైకి పోతుంది. నేటి యంత్రాలు చేసే పని కూడ ఇంతే.

ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన విద్యార్థులు ఇక్కడ ఒక ముచ్చట గమనించాలి. తెలుగు వర్తకుని లెక్కల పుస్తకంలో జమ, బాకీ, వసూలు, తనిఖీ అరబీ నుండి వచ్చిన మాటలు; రశీదు, గుమాస్తా, దస్తావేజు, ఆవర్జా పారశీకపు మాటలు. చిట్టా, పద్దు ఈ దేశపు మాటలే. చిట్టా మొదలుకొని ఆవర్జా వరకు చేసే ఆ చిన్న ప్రయాణంలో రెండు భాషాలోకాలు కలిసి పనిచేశాయి. లెక్క తేలవలసిన చోట ఎవరి మాట అనే తగవు రాలేదు, అందరికీ తెలిసిన మాట నిలిచింది.

ఇక వ్యాపార సంస్థలోనికి కంప్యూటరు ఎట్లా వచ్చినదో చూద్దాం. ఇంగ్లండులో లయన్స్ అనే కంపెనీకి టీ దుకాణాలు, బేకరీలు ఉండేవి. ఆ కంపెనీ తన స్వంత అవసరానికై ‘లియో’ అనే కంప్యూటరును నిర్మించుకొని, 1951 నవంబరులో తన బేకరీలలో తయారైన సరుకు విలువ కట్టే పనికి దానిని వినియోగించింది. కార్యాలయపు నిత్యకృత్యానికి కంప్యూటరును నడపడంలో ఇది మొదటిదని చరిత్రకారులు చెబుతారు. రాకెట్లో, అణుశాస్త్రమో కాదు, రొట్టెల లెక్క దానిని వ్యాపారంలోనికి తెచ్చింది. మన దేశంలో 1986లో బెంగళూరులో ప్రారంభమైన సంస్థ తయారు చేసిన టాలీ, చిన్న వర్తకుని చిట్టా ఆవర్జాలను తెర మీదికి ఎక్కించింది. నేడు డెల్టాలో బి.కాం. పూర్తి చేసిన విద్యార్థి మొదటి ఉద్యోగం తరచు ఆ తెర ముందే దొరుకుతున్నది.

3. రకాలు ఎందుకు ఏర్పడినవి?

ఒకే మిల్లులో ముగ్గురు మూడు ప్రశ్నలు అడుగుతారు. కాటా దగ్గరి గుమాస్తా ప్రశ్న: “ఈ లారీలో నికరం ఎంత?” మేనేజరు ప్రశ్న: “ఈ నెల ఆడించిన ధాన్యానికి రావలసినంత బియ్యం వచ్చిందా?” యజమాని ప్రశ్న: “వచ్చే సంవత్సరం బాయిల్డు యూనిట్ పెట్టవచ్చునా?” మొదటి ప్రశ్నకు జవాబు క్షణంలో కావాలి, గ్రాము తప్పకూడదు. రెండవదానికి నెల లెక్క చాలు. మూడవదానికి ఎంత లెక్క తీసినా కొంత ఊహ మిగులుతుంది.

ఈ భేదాన్ని హార్వర్డు ఆచార్యుడు రాబర్ట్ ఆంథొనీ 1965లో శాస్త్రీయంగా విడదీసి చెప్పాడు. సంస్థలో కార్యకలాపాల నియంత్రణ, నిర్వహణ నియంత్రణ, వ్యూహరచన అని మూడు అంతస్తులున్నవని ఆయన ప్రతిపాదన. అంతకు ముందే, 1960లో, హెర్బర్ట్ సైమన్ నిర్ణయాలను రెండుగా చూపాడు: సూత్రం ప్రకారం తేల్చదగినవి, సూత్రానికి లొంగనివి. ఈ సైమన్‌కే 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈ రెండు విభజనలను ఒకదానిపై ఒకటి పెట్టి 1971లో గోరీ, స్కాట్ మోర్టన్ అనే ఇద్దరు పండితులు ఒక చట్రం తయారు చేశారు. పాఠ్యపుస్తకాలలో కనిపించే రకాలలో పెక్కు ఈ చట్రంలో ఇమిడిపోతాయి. కావున ఒక వ్యవస్థ ఏ రకమో చెప్పాలంటే రెండే ప్రశ్నలు వేయండి: ఎవరు అడుగుతున్నారు? జవాబుకు సూత్రం ఉన్నదా, లేదా?

4. లావాదేవీల వ్యవస్థ

అన్నిటికీ పునాది ఇది. అమ్మకం, కొనుగోలు, జమ, చెల్లింపు జరిగిన ప్రతిసారీ ఆ సంఘటనను పట్టుకొని నమోదు చేస్తుంది. బిల్లింగు యంత్రం, కాటా కంప్యూటరు, బ్యాంకు కౌంటరు, 2016లో ప్రారంభమైన యు.పి.ఐ. చెల్లింపు — ఇవన్నీ ఈ కోవలోనివే.

మనకు బాగా పరిచితమైన ఉదాహరణ రైలు రిజర్వేషను. పూర్వం ప్రతి రైలుకు, ప్రతి తేదీకి వేరు వేరు పుస్తకాలుండేవి. ఏ బెర్తు కావాలన్నా ఆ పుస్తకం ఉన్న కౌంటరుకే పోవలసి వచ్చేది. 1980ల నడుమ ఢిల్లీలో సి.ఎం.సి. అనే ప్రభుత్వరంగ సంస్థ రైల్వేల కొరకు కంప్యూటరు రిజర్వేషనును నెలకొల్పింది. క్రమంగా అది దేశమంతటా విస్తరించింది. 2002 నుండి ఇంటి నుండే ఇంటర్నెట్ ద్వారా టికెట్టు కొనే వీలు కలిగింది.

ఇందులోని మెలకువ ఏమనగా: రాజమహేంద్రవరం నుండి ఒకరు, విశాఖపట్నం నుండి మరొకరు అదే క్షణంలో అదే బెర్తును అడిగితే, యంత్రం ఒకరి పని ముగిసే వరకు ఆ బెర్తును రెండవవారికి అందకుండ ఆపి ఉంచుతుంది. అట్లే మీ ఖాతాలో వంద రూపాయలు తగ్గి దుకాణదారు ఖాతాలో వంద పెరగాలి. మధ్యలో కరెంటు పోయినా, ఒక వైపు తగ్గి రెండవ వైపు పెరగని స్థితి మిగలకూడదు. లావాదేవీ పూర్తిగా జరగాలి, లేదా అసలు జరగనట్లే వెనుకకు పోవాలి. జంటపద్దు సూత్రం చదివిన విద్యార్థికి ఇది కొత్త సంగతి కాదు. ఒక ఖాతాకు ఖర్చు వ్రాసి మరొక ఖాతాకు జమ వ్రాయకుండ లేచిపోయే గుమాస్తాను ఏ షావుకారూ ఉంచుకోడు.

5. కార్యాలయ వ్యవస్థ

ఉత్తరాలు, కొటేషన్లు, సమావేశాల తీర్మానాలు, ఇ-మెయిళ్లు, ఇప్పుడు వాట్సాప్ సందేశాలు ఈ తరగతికి చెందుతాయి. ఇవి లెక్కలు కావు, మాటలు. అయినను వ్యాపారంలో మాటకు సాక్ష్యం కావాలి. యాభై బస్తాలు పంపండి అని ఫోనులో వచ్చిన సందేశం చిట్టాకు ఎక్కకపోతే, ఫోను మారినప్పుడు ఆర్డరు కూడ మాయమవుతుంది. సందేశం వేగమైనదే, కాని వేగం నమోదుకు బదులు కాజాలదు. చిన్న సంస్థలలో చేరబోయే మన విద్యార్థులు మొదటి వారంలోనే సరిదిద్దగల లోపం ఇది.

6. నిర్వహణ సమాచార వ్యవస్థ

ఆంగ్లంలో మేనేజ్‌మెంట్ ఇన్‌ఫర్మేషన్ సిస్టమ్ అనీ, పొడి అక్షరాలలో ఎం.ఐ.ఎస్. అనీ పిలిచేది ఇదే. లావాదేవీల వ్యవస్థ ప్రోగుచేసిన పద్దులను ఇది కుదించి నివేదికలుగా అందిస్తుంది. నివేదికలు ప్రధానంగా మూడు తీరులు. వారానికో, నెలకో తప్పక వచ్చేవి క్రమ నివేదికలు. అడిగినప్పుడు మాత్రమే తయారయ్యేవి కోరిక నివేదికలు. ఏదైనా హద్దు దాటినప్పుడు మాత్రమే తలుపు తట్టేవి మినహాయింపు నివేదికలు.

మూడవ తీరును గోదావరి ఒడ్డున పుట్టినవారికి వివరించవలసిన పని లేదు. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద ప్రవాహం పది లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, పదమూడు లక్షలకు రెండవది, పదిహేడు లక్షలకు మూడవది. ఏడాది పొడుగునా నీటిమట్టం కొలుస్తూనే ఉంటారు. అయినా లంక గ్రామాలవారికి రోజూ ఆ అంకె చెప్పరు. హద్దు దాటిన రోజున మాత్రం చెప్పక మానరు. మంచి నిర్వహణ సమాచార వ్యవస్థ కూడ ఇట్లే ఉండాలి. అన్నీ చెప్పే నివేదికను ఎవరూ చదవరు.

మిల్లులో ఒక లెక్క చేద్దాం. ప్రభుత్వం సేకరించిన ధాన్యాన్ని మిల్లులకు మరపట్టడానికి ఇచ్చినప్పుడు, పచ్చిబియ్యమైతే క్వింటాలు ధాన్యానికి 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలని నిబంధన. ఒక మిల్లు 500 క్వింటాళ్లు పచ్చిబియ్యంగా ఆడించింది. రావలసినది 335 క్వింటాళ్లు. గోదాములో చేరినది 320 అనుకొందాం. దిగుబడి 64 శాతం, లోటు 15 క్వింటాళ్లు. ఈ అంకె మేనేజరు ముందు ఆ రోజే ఎర్రసిరాతో నిలవాలి. లోటుకు కారణం తేమా, యంత్రంలో నూక ఎక్కువ కావడమా, కాటాలో దోషమా, మరేదైనానా అన్నది నివేదిక చెప్పదు. ఎక్కడ వెదకాలో చెబుతుంది. కారణం వెదకవలసినది మనిషి.

7. నిర్ణయ సహాయక వ్యవస్థ

జరిగినదానిని చెప్పేది నిర్వహణ సమాచార వ్యవస్థ అయితే, “ఇట్లా చేస్తే ఏమవుతుంది?” అన్న ప్రశ్నకు తోడ్పడేది నిర్ణయ సహాయక వ్యవస్థ. దీనికి పెద్ద యంత్రం అక్కరలేదు. గళ్ల కాగితం వంటి ఎక్సెల్ చాలును.

ఒక వర్తకుడు ధాన్యం కొని నిల్వ ఉంచదలచాడు. 2025–26లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ ధరకే కొన్నాడనుకొందాం. అప్పు మీద వడ్డీ ఏడాదికి 12 శాతమనీ, నిల్వలో బరువు 2 శాతం తగ్గుతుందనీ ఊహిద్దాం. మూడు నెలలకు వడ్డీ 3 శాతం. పెట్టుబడి సుమారు 2,440 అవుతుంది. మిగిలిన సరుకు 98 కిలోలే కనుక, నష్టం రాకుండ అమ్మవలసిన ధర క్వింటాలుకు సుమారు 2,490. ఆరు నెలలు ఉంచితే అదే లెక్కన సుమారు 2,562. గోదాము అద్దె, హమాలీ కూలి ఇంకా కలపలేదు. వడ్డీ అంకె మార్చండి, తరుగు మార్చండి, వెంటనే జవాబు మారుతుంది.

యంత్రం ఇంతవరకే వస్తుంది. “ఇంత ధర రాకపోతే నష్టం” అని అది చెప్పగలదు; ఆ ధర వస్తుందో రాదో చెప్పజాలదు. కావుననే దీనిని ‘సహాయక’ వ్యవస్థ అన్నారు.

8. ఉన్నత నిర్వాహకుల వ్యవస్థ

యజమానికి కావలసిన సమాచారంలో పెద్ద భాగం మిల్లు గోడల బయట ఉంటుంది. 2023 జూలైలో కేంద్రం బాస్మతేతర తెల్లబియ్యం ఎగుమతులను నిషేధించింది. 2024 సెప్టెంబరులో ఆ నిషేధాన్ని తొలగించింది. కాకినాడ రేవు నుండి బియ్యం పంపే వర్తకులకు ఈ రెండు ఉత్తర్వుల మధ్య కాలం ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. తన మిల్లు చిట్టాను ఎంత శ్రద్ధగా చదివినా ఆ ఉత్తర్వు రాక యజమానికి కనిపించదు.

కావున ఈ వ్యవస్థ లోపలి లెక్కల సారాన్ని, బయటి వార్తలను — వాతావరణం, ప్రభుత్వ ఉత్తర్వులు, విదేశీ ధరలు, వడ్డీ రేట్లు — ఒకే పుట మీద చూపాలి. పెద్ద కంపెనీలలో దీనికి తెరలు, రంగుల పటాలు ఉంటాయి. చిన్న మిల్లులో వార్తాపత్రిక, ఆడిటరు, నలుగురు తోటి వర్తకులు ఆ పనే చేస్తారు.

9. నిపుణ వ్యవస్థ

ఒక నిపుణుని తర్కాన్ని సూత్రాలుగా విడదీసి యంత్రానికి నేర్పితే అది నిపుణ వ్యవస్థ. 1970లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో రక్తానికి సోకే అంటువ్యాధుల విషయంలో వైద్యునికి సలహా ఇచ్చేందుకు ‘మైసిన్’ అనే వ్యవస్థను తయారు చేశారు. ఇది తొలి ప్రసిద్ధ ఉదాహరణ. నేడు మనకు ఎక్కువగా తగిలేది అప్పు అడిగినప్పుడు. మన పాత బాకీల చరిత్ర నుండి యంత్రం ఒక అంకె కడుతుంది. ఆ అంకెను చూసి బ్యాంకు ముందుకో వెనుకకో అడుగు వేస్తుంది. పూర్వం బ్యాంకు ఏజెంటు మనిషి ముఖం, పొలం, ఊరివారి మాట చూసేవాడు. అందులో పక్షపాతం ఉండేది, దయ కూడ ఉండేది. యంత్రానికి రెండూ లేవు. దానికి తెలిసినదల్లా నమోదైన బాకీలే. వడ్డీవ్యాపారి వద్ద పదేళ్లు నమ్మకంగా తీర్చినవాని నిజాయితీ ఏ పద్దులోను లేదు కనుక యంత్రం దృష్టిలో అతడు కొత్త మనిషే.

10. సమగ్ర వ్యవస్థ, సంస్థల మధ్య వ్యవస్థ

కొనుగోలుకు ఒక పుస్తకం, గోదాముకు మరొకటి, జీతాలకు ఇంకొకటి ఉన్నప్పుడు ఒకే సంగతిని మూడు చోట్ల వ్రాయాలి. మూడు చోట్లా మూడు రకాలుగా తప్పులు పడతాయి. ఒక్కసారి వ్రాసినది అన్ని శాఖలకు అందాలనే కోరిక నుండి సమగ్ర వ్యవస్థ పుట్టింది. 1972లో ఐ.బి.ఎం. నుండి బయటకు వచ్చిన ఐదుగురు ఇంజనీర్లు జర్మనీలో స్థాపించిన శాప్ సంస్థ ఇందులో ప్రసిద్ధి చెందినది.

ఇదే కోరిక సంస్థ గోడలు దాటితే సంస్థల మధ్య వ్యవస్థ అవుతుంది. 2017 జూలై 1న అమలులోనికి వచ్చిన జి.ఎస్.టి.లో అమ్మినవాడు చూపిన బిల్లు కొన్నవాని లెక్కలో కనిపిస్తుంది. కనిపించకపోతే కొన్నవానికి పన్ను తగ్గింపు చిక్కులో పడుతుంది. అనగా నా వ్యాపారం మరొకని నమోదు మీద ఆధారపడి ఉన్నది. భీమవరం ప్రాంతపు రొయ్యల సంగతి కూడ ఇంతే. ఐరోపాకు పంపే సరుకుకు చెరువు నమోదు సంఖ్య, పట్టుబడికి ముందు యాంటిబయాటిక్ పరీక్ష పత్రం వంటివి జతపడాలి. సముద్రం అవతల తినేవాని పళ్లెం దాకా చెరువు గట్టు మీది పద్దు ప్రయాణం చేస్తుంది.

బ్యాంకులు విలీనమైనప్పుడు కూడ ఈ సంగతి తెలుస్తుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. బోర్డులు మార్చడం ఒక రోజు పని. లక్షలాది ఖాతాలను ఒక వ్యవస్థ నుండి మరొక దానిలోనికి పద్దు తప్పకుండ చేర్చడమే అసలైన విలీనం.

11. పద్దుకు ఎక్కని మనిషి

ఇంతవరకు పాఠ్యభాగం. ఇకమీద చెప్పబోయేది పరీక్షలో అడగరు, కాని జీవితంలో అడుగుతారు.

ప్రతి వ్యవస్థకు కొన్ని గళ్లు ఉంటాయి. ఏ గళ్లు ఉండాలో ముందుగా ఒక మనిషి నిర్ణయిస్తాడు. గోదావరి డెల్టాలో దున్ని పండించేవారిలో చాలామంది కౌలురైతులు. భూమి దస్తావేజులో పేరు యజమానిది, చేలో చెమట కౌలుదారునిది. పంట నమోదు, అప్పు, నష్టపరిహారం, ప్రభుత్వానికి ధాన్యం అమ్మకం — అన్నీ నమోదును అనుసరించి నడిచే కాలంలో, గడిలో ఎవరి పేరు ఉన్నదనేది అన్నం ప్రశ్న. దీనిని సరిదిద్దడానికే 2011లో కౌలుదారులకు రుణార్హత కార్డులిచ్చే చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. అయితే రెండవ చట్టం క్రింద కార్డు పొందడానికి భూయజమాని అంగీకారం కావలసి రావడంతో, అది అనేకులకు అందని పండైనది. యంత్రం తప్పు చేయలేదు. గడి లేని చోట పేరు వ్రాయడం యంత్రానికి చేతకాదు.

మన ఇండ్లకు మరింత దగ్గరి ఉదాహరణ చెబుతాను. ఉర్దూలో ‘షేక్’ అనే పేరుకు ఒక్కటే వ్రాత. అదే పేరు తెలుగులో షేక్, షేఖ్, షైక్. ఆంగ్ల లిపిలో మరి నాలుగైదు రూపాలు. కొన్ని చోట్ల పొడి అక్షరాలుగా ఎస్.కె. మహమ్మద్ అనే పేరు గతి కూడ ఇంతే. పదవ తరగతి పత్రంలో ఒక రూపం, ఆధార్‌లో ఇంకొకటి, బ్యాంకు ఖాతాలో వేరొకటి ఉన్న విద్యార్థిని మనం ఒక్క మనిషిగా చూస్తాం. అక్షరాలను మాత్రమే పోల్చే యంత్రం ముగ్గురిగా చూస్తుంది. ఉపకారవేతనం అట్టి చోట ఆగిపోతుంది. కావుననే నమోదు వ్యవస్థలలో పేరుకన్న సంఖ్యను ఆధారం చేసికొంటారు. పేరు పదిమందికి ఉండవచ్చు, పది రకాలుగా వ్రాయవచ్చు, సంఖ్య ఒక్కరిదే. అయితే సంఖ్య సరిపోయినా పేరు సరిపోలేదని నిలిపివేసే వ్యవస్థలు ఇంకా ఉన్నవి. మన కళాశాల సంఘానికి ఒక విన్నపం. ప్రవేశాల సమయంలోనే ప్రతి విద్యార్థి పేరును మూడు పత్రాలలో సరిచూసి, తేడా ఉన్నచోట సవరణకు సాయపడే ఒక చిన్న బల్లను కార్యాలయంలో ఏర్పాటు చేయగలిగితే, అది చాలా ఉపన్యాసాలకన్న మేలు.

వ్యవస్థ తలుపు మూయనూ గలదు, తెరవనూ గలదు. 2000వ దశకం తొలి సంవత్సరాలలో పశ్చిమ గోదావరి జిల్లాలో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలను నెలకొల్పి, మహిళా స్వయం సహాయక బృందాల సభ్యులకు వాటి నిర్వహణ అప్పగించారు. బిల్లుల చెల్లింపుకు, ధ్రువపత్రాలకు పట్టణానికి పోయి వరుసలో నిలబడవలసిన పని తగ్గింది. యంత్రం అదే, దానిని ఎక్కడ పెట్టారు, ఎవరి చేతిలో పెట్టారు అన్నదే తేడా.

12. విద్యార్థులకు

ఈ వేసవిలో ఒక చిన్న అభ్యాసం చేయవలసిందిగా కోరుతున్నాను. మీ ఊరిలోని ఒక దుకాణమో, మిల్లో, మందుల షాపో, సహకార సంఘమో ఎన్నుకొనండి. యజమాని అనుమతితో ఒక రోజంతా అక్కడ కూర్చొని నాలుగు సంగతులు వ్రాసికొనండి. మొదటి పద్దు ఎక్కడ, ఎవరి చేత పడుతున్నది? అది ఎన్ని చేతులు మారి నిర్ణయానికి చేరుతున్నది? దారిలో ఎక్కడ మారిపోవచ్చు, ఎక్కడ జారిపోవచ్చు? ఏ మనిషికి, ఏ సంగతికి ఆ పుస్తకంలో గడి లేదు? మొదటి మూడు ప్రశ్నలకు జవాబు వ్రాస్తే మంచి విద్యార్థి. నాలుగవదానికి కూడ వ్రాస్తే మంచి గణకుడు.

మీలో చాలామంది రేపు ఎక్కడో ఒకచోట మొదటి పద్దు వ్రాసే కుర్చీలో కూర్చుంటారు. దానిని చిన్న ఉద్యోగమని తలచవద్దు. పైఅంతస్తులోని నివేదికలు, పటాలు, నిర్ణయాలు అన్నీ మీ కలం నుండి, మీ వ్రేళ్ల నుండి బయలుదేరుతాయి. మీ ముందు నిలబడిన మనిషి పేరును అతనినే అడిగి, అతడు పలికినట్లు, ఉన్నదున్నట్లు వ్రాయండి.